పాత లారీ డ్రమ్ము బ్రేకులు: డిస్కుకు మార్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ తాతగారు నడిపిన 1960ల నాటి బెడ్‌ఫోర్డ్ లారీకి ఇంజను, బాడీ పనులు చేయించి మళ్లీ రోడ్డెక్కించారు. అన్ని చక్రాలకూ హైడ్రాలిక్ డ్రమ్ము బ్రేకులు, ఛాసిస్ కింద విడిగా వ్యాక్యూమ్ బూస్టరు (కాలి బలానికి తోడుగా ఒత్తిడి పెంచేది), ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండరు (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) ఉన్నాయి. పెడల్ సగానికి పైగా దిగితే గాని బ్రేకు పట్టడం లేదు, పట్టినప్పుడు బండి ఎడమకు లాగుతోంది, అనంతగిరి ఘాట్ దిగేసరికి పెడల్ దాదాపు అడుగుకు ఆనుతోంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపేవి) పెట్టించమని ఒక మెకానిక్ చెప్పారు. పెట్టించాలా, డ్రమ్ములనే బాగు చేయించుకోవచ్చా అన్నది మీ సందేహం.

నా సమాధానం: ఇప్పుడే డిస్కులకు వెళ్లకండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ డ్రమ్ము బ్రేకు అనే ఏర్పాటులోని లోపాలు కావు, ఆ ఏర్పాటు సరిగ్గా సర్దుబాటులో లేదని చెప్పే గుర్తులు. లైనర్లు (డ్రమ్ముకు రాసుకునే పొరలు), డ్రమ్ములు ఒకదానికొకటి సరిగ్గా ఒదిగి, సిలిండర్లు జారుడుగా కదిలి, గొట్టాలు కొత్తవైతే మీ లారీ తిన్నగా, నమ్మకంగా ఆగుతుంది. ఆ తరువాత కూడా డబ్బు మిగిలితే దాన్ని పెట్టవలసిన మొదటి చోటు డిస్కు కాదు, రెండు సర్క్యూట్ల, అంటే ముందు వెనక బ్రేకులకు విడివిడి ఆయిల్ దారులు ఉండే మాస్టర్ సిలిండరు. పాత లారీలు, జీపుల బ్రేకు పనులు చాలాకాలంగా చేయిస్తూ, చేస్తూ వచ్చినవాడిగా ఈ మాట చెబుతున్నాను. కారణాలు కొంచెం వివరంగా రాస్తాను.

డ్రమ్ము లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకుంటే మిగతా విషయాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడికి కదిలే వీల్ సిలిండరు, లైనరు బిగించిన వంపు ముక్కను, అంటే షూను బయటికి నెట్టినప్పుడు, డ్రమ్ము తిరిగే దిశలోనే తెరుచుకునే షూను ఆ తిరుగుడే మరింత లోపలికి ఈడ్చి డ్రమ్ముకు అదుముతుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు. రెండో షూను అదే తిరుగుడు వెనక్కి తోస్తుంది. అది ట్రైలింగ్ షూ. మీ కాలి బలం కంటే ఎక్కువ పట్టు డ్రమ్ము బ్రేకుకు రావడానికి కారణం లీడింగ్ షూయే. అయితే పట్టును పెంచే ఈ గుణమే తేడాలను కూడా పెంచుతుంది. ఎడమ లైనరుకూ కుడి లైనరుకూ రాపిడిలో చిన్న తేడా ఉన్నా, ఒక పక్క కాస్త నూనె తగిలినా, ఆ తేడా స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి చాలా పెద్దదవుతుంది. డిస్కు బ్రేకు ఈ విషయంలో అంత సున్నితం కాదు. అందుకే డ్రమ్ము బ్రేకు పనిలో ఎడమ, కుడి జతగా చేయడమన్నది ఇష్టాన్ని బట్టి పాటించే నియమం కాదు, ఒక పక్క మాత్రమే లైనరు మార్చి బండిని పంపడం నా దృష్టిలో సగం పని కూడా కాదు.

చాలా లారీల ముందు చక్రాలకు రెండు షూలూ లీడింగ్ అయ్యేలా రెండేసి వీల్ సిలిండర్లు ఉంటాయి. అవి ముందుకు వెళ్లేటప్పుడు గట్టిగా పడతాయి గాని, వెనక్కి వెళ్లేటప్పుడు రెండూ ట్రైలింగ్ అయిపోయి బలహీనపడతాయి. వెనక చక్రాలకు ఒక లీడింగ్, ఒక ట్రైలింగ్ ఉండటానికి ఇది ఒక కారణం. ఎత్తు రోడ్డు మీద లారీ వెనక్కి జారకుండా నిలబెట్టేది ప్రధానంగా వెనక బ్రేకులే కాబట్టి, ముందు బాగుంటే చాలని వాటిని వదిలేయవద్దు.

ఇక ఎడమకు లాగడం గురించి. ముందుగా మీ అనుమానం ఎడమ చక్రం మీదికి పోతుంది, కానీ తరచుగా దోషం కుడి పక్కన ఉంటుంది: కుడి చక్రం సరిగ్గా పట్టకపోతే బండి ఎడమకే పోతుంది. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, ఒకరు పెడల్ మెల్లగా నొక్కుతుండగా మరొకరు చక్రాలను చేత్తో తిప్పి చూడాలి. ఏది ఆలస్యంగా పడుతోంది, ఏది ఆలస్యంగా వదులుతోంది అన్నది అక్కడే తేలుతుంది. డ్రమ్ములు విప్పిన తరువాత వీల్ సిలిండరు రబ్బరు బూటు అంచు ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే కప్పులు (పిస్టను దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు) పోయినట్టే. పిస్టను తుప్పుతో పట్టేసి ఉంటే ఆ చక్రం పేరుకే ఉంది. సిలిండరు లోపలి గోడలో గోరుకు తగిలే గుంటలు ఉంటే ఎమరీతో రుద్ది సరిపెట్టవద్దు. పాత మోడళ్లకు కొత్త సిలిండరు దొరకకపోతే లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించి అసలు కొలతకు తెప్పించుకోవచ్చు. మంచి లేతు పనివారు ఉన్నచోట ఇది పెద్ద పని కాదు, తుప్పు బాధ కూడా మళ్లీ ఉండదు.

ఎవరూ అనుమానించని వస్తువు రబ్బరు గొట్టం. బయటికి నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది, పగుళ్లు ఉండవు. లోపలి పొర మాత్రం ఏళ్ల తరబడి ఆయిల్లో నాని ఉబ్బిపోతుంది. ఒకసారి, నా దగ్గరికి వచ్చే ముందే రెండు గ్యారేజీలలో లైనర్లు మార్పించుకున్న ఒక పాత లారీకి ముందు కుడి గొట్టాన్ని విప్పి బ్లేడుతో నిలువుగా చీల్చి చూశాం. లోపలి దారి సూది దూరేంత సన్నబడి ఉంది, దానికి తోడు చిరిగిన రబ్బరు పొర ఒకటి నాలుకలా ఒక వైపుకు వాలి ఉంది. పెడల్ నొక్కితే ఒత్తిడి ఆలస్యంగానైనా వెళుతోంది, వదిలితే ఆ నాలుక దారి మూసేస్తోంది. దీన్ని గొట్టం విప్పకుండానే పట్టుకోవచ్చు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు ఆ చక్రం బ్లీడింగ్ నిపిల్ (లైనులోని గాలి తీసే మర) వదులు చేయండి. కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే దోషం గొట్టంలోనో, అంతకంటే వెనకనో ఉంది. నిపిల్ విప్పినా తిరగకపోతే దోషం షూలు, స్ప్రింగులు, పిస్టను దగ్గర ఉంది. మీ లారీ ఇన్నేళ్లు నిలిచిపోయి ఉంది కాబట్టి పరీక్షలు కూడా అనవసరం, గొట్టాలన్నీ ఒకేసారి మార్చేయండి. లోహపు పైపులు తుప్పు పట్టి ఉంటే రాగి పైపు వేయనివ్వకండి. అది కదలికకు క్రమంగా గట్టిపడి చివరికి పగులుతుంది. బ్రేకులకోసం చేసిన స్టీలు పైపు గాని, రాగి నికెల్ మిశ్రమంతో చేసిన పైపు గాని తీసుకుని, కొనలను డబుల్ ఫ్లేరింగ్ (అంచును రెండు మడతలుగా విప్పడం) చేయించాలి.

లైనర్ల మీద నూనె లేదా గ్రీజు మరకలు ఉంటే ఆ లైనర్ల పని అయిపోయినట్టే. పెట్రోలుతో కడగడం, బ్లో ల్యాంపుతో కాల్చడం మన గ్యారేజీలలో మామూలే గాని, వేడెక్కగానే లోపలికి ఇంకిన నూనె మళ్లీ పైకి వస్తుంది. కొత్త లైనర్లు వేసే ముందు ఆ నూనె ఎక్కడి నుంచి వచ్చిందో, అంటే యాక్సిల్ ఆయిల్ సీలా, హబ్బులో గ్రీజు ఎక్కువైందా అన్నది తేల్చి ఆ పని ముందు చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ లారీ మీద ఉన్న పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత కూడా క్యాన్సరు రావచ్చు. డ్రమ్ము విప్పగానే కంప్రెసరు గాలితో దుమ్ము ఊదడం దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పనిచేసే కుర్రవాడికి మంచి మాస్కు కొనివ్వండి. తీసేసిన లైనర్లను గ్రైండింగ్ కూడా చేయించవద్దు.

పెడల్ లోతుగా దిగడానికి మొదటి కారణం షూలకూ డ్రమ్ముకూ మధ్య దూరం ఎక్కువ కావడం. కాని ఆ దూరాన్ని సర్దే అడ్జస్టర్లు తిప్పడానికి ముందు వీల్ బేరింగులు బిగించి ఉన్నాయో లేదో చూడాలి. బేరింగు వదులుగా ఉంటే డ్రమ్ము ఒరుగుతుంది, ఒరిగిన డ్రమ్ముకు చేసిన సర్దుబాటు రోడ్డు మీద నిలవదు. తరువాత ఒక్కొక్క షూను డ్రమ్ముకు పూర్తిగా తగిలేదాకా బిగించి, పెడల్ గట్టిగా ఒకసారి నొక్కి షూలు మధ్యకు కుదురుకోనిచ్చి, మళ్లీ బిగించి, చక్రం రాపిడి లేకుండా తిరిగేంత వరకే వెనక్కి వదలాలి. మధ్యలో ఆ పెడల్ నొక్కడాన్ని చాలామంది వదిలేస్తారు, పనంతా అయ్యాక ఒక చక్రం పట్టేస్తోందని ఫిర్యాదు వచ్చేది అందుకే.

ఇలా సర్దినా పెడల్ మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది, లేదా లైనరు వంపు డ్రమ్ము వంపుతో కలవడం లేదు. ఈ రెండోదాని గురించి మెకానిక్‌లు కూడా తక్కువగా ఆలోచిస్తారు. డ్రమ్మును లేతు మీద కోసినప్పుడల్లా దాని వ్యాసం పెరుగుతుంది, షూకు వేసిన కొత్త లైనరు మాత్రం పాత వ్యాసానికే ఉంటుంది. అప్పుడు లైనరు మధ్యభాగం మాత్రమే తగులుతుంది. లేదా షూ వంగిపోయి ఉంటే రెండు కొనలే తగిలి బ్రేకు ఒక్కసారిగా కరుచుకుంటుంది. దీన్ని చూడటానికి ఒక సుద్దముక్క చాలు. డ్రమ్ము లోపలంతా సుద్ద రాసి, షూను చేత్తో అందులో ఆనించి వంపు వెంట అటూ ఇటూ జరిపి, తీసి వెలుతురులో చూడండి. లైనరు మీద తెలుపు ఎక్కడ అంటిందో అక్కడే తగులుతోంది. మధ్యలో మూడు వంతుల మేర సమంగా తెలుపు అంటి, రెండు కొనల దగ్గర మాత్రం సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ. ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకు) దూరితే సరైన ఒదుగు. కాకపోతే కొత్త లైనర్లను ఆ డ్రమ్ము వ్యాసానికి తగ్గట్టు అరగదీయించాలి. అరగదీస్తే దుమ్ము లేస్తుంది, కొత్త లైనర్లు ఆస్బెస్టాస్ లేనివే తీసుకోమనడానికి ఇది కూడా ఒక కారణం.

డ్రమ్ముల విషయంలో తొందరపడి లేతుకు పంపకండి. డయల్ గేజి పెట్టి గుండ్రతనం చూసి, గాట్లు లేదా ఎగుడుదిగుడు ఉంటేనే, అదీ తక్కువలో తక్కువగా కోయించండి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటే అదే హద్దు. బరువైన లారీల పెద్ద డ్రమ్ములకు సాధారణంగా అసలు వ్యాసం మీద 2 మి.మీ. వరకు కోయవచ్చని, 3 మి.మీ. దాటితే పారేయాలని లెక్క. మీ లారీ మధ్యరకం కాబట్టి నేనైతే 1.5 మి.మీ. దగ్గరే ఆగుతాను. ఒక యాక్సిల్ మీద రెండు డ్రమ్ముల వ్యాసం ఒకటిగా ఉండాలి. బాగా వేడెక్కిన బండికి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి గంటలు నిలిపితే, షూలు పట్టి ఉన్నచోట డ్రమ్ము చల్లారే తీరు మారి అది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పెడల్ కాలికింద కొట్టుకోవడం చాలాసార్లు అందువల్లే. ఘాట్ దిగాక సమతలం మీద ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలు పెట్టడం మేలు.

ఘాట్‌లో పెడల్ దిగిపోవడం వేరే విషయం, దీనికి కొంచెం లెక్క చూడాలి. 10 టన్నుల బండి గంటకు 60 కి.మీ. వేగం నుంచి ఒకసారి ఆగితే బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు 1.4 మెగాజౌళ్లు. అదే బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 49 మెగాజౌళ్లు. అంటే 60 కి.మీ. వేగం నుంచి వరుసగా 35 సార్లు ఆపినంత వేడి. అందులో కొంత గాలికీ, టైర్లకూ, ఇంజనుకూ పోతుంది. ఇంజను మోయకుండా మీరు పెద్ద గేరులో దిగితే దాదాపు భారమంతా డ్రమ్ముల మీదే పడుతుంది. 350 మి.మీ. పోత ఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.8 మి.మీ. పెరుగుతుంది. అంటే వేడెక్కేకొద్దీ డ్రమ్ము షూల నుంచి దూరంగా జరుగుతుంది, పెడల్ దానిని వెంటాడుతూ కిందికి పోతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపుకే లావవుతుంది కాబట్టి ఈ బాధ దానికి లేదు. ఈ ఒక్క విషయంలో మీ మెకానిక్ చెప్పినదానిలో నిజం ఉంది. ఎక్కువసార్లు కోసి పలచబడిన డ్రమ్ము మరింత త్వరగా వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోండి.

పెడల్ దిగడంతోపాటు స్పాంజిలా మెత్తబడుతుంటే అది ఆయిల్ మరగడం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరిగితే, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవి 230, 155. కాబట్టి ఘాట్ దారుల్లో తిరిగే బండికి డాట్ 4 వాడి, రెండేళ్లకోసారి పూర్తిగా మార్చాలి. ఇంజనాయిల్ గాని, డీజిల్ గాని ఒక్క చుక్క కూడా ఇందులో పడకూడదు, రబ్బరు కప్పులు ఉబ్బి లైను మొత్తం పాడవుతుంది. కప్పులను కడగడానికి కూడా బ్రేకు ఆయిలే వాడండి. డాట్ 5 అనే సిలికాన్ రకం తేమ పీల్చదని కొందరు మెచ్చుకుంటారు. దాన్ని మిగతా రకాలతో కలపకూడదు, పాత రకం ఆయిల్ ఉన్న లైనులో ఊరికే పోయకూడదు.

ఘాట్ దిగేటప్పుడు, అదే ఘాట్ ఎక్కడానికి వేసే గేరునే ముందుగానే వేసుకుని, అవసరమైనప్పుడు మాత్రం గట్టిగా నొక్కి పూర్తిగా వదులుతూ దిగాలి. కాలు అదేపనిగా ఆనించి ఉంచకూడదు, ఇంజను ఎన్నడూ ఆపకూడదు. ఇంజను ఆగితే మీ బూస్టరుకు వ్యాక్యూమ్ ఆగుతుంది, నిల్వ ఉన్నది రెండు మూడు నొక్కులకే అయిపోతుంది. బూస్టరు పనిచేస్తోందో లేదో చూడటం సులువు. ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు నొక్కి, కాలు తీయకుండా స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా లోపలికి జారితే బూస్టరు బతికి ఉంది.

మాస్టర్ సిలిండరు దగ్గర రెండు సంగతులు తప్పకుండా చూడాలి. ఒకటి, పుష్ రాడ్డు కొనకూ పిస్టనుకూ మధ్య 1 నుంచి 1.5 మి.మీ. ఖాళీ ఉండాలి. పెడల్ దగ్గర అది 10 మి.మీ. దాకా వదులుగా తెలుస్తుంది. ఈ ఖాళీ లేకపోతే ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయి, బండి కొన్ని కిలోమీటర్లు వెళ్లేసరికి నాలుగు చక్రాలూ వాటంతట అవే పట్టేస్తాయి. పెడల్ లోతుగా ఉందని ఈ రాడ్డును పొడుగు చేసి పైకి తెచ్చే అలవాటు చాలా ప్రమాదకరం. రెండు, డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండరులో లైనులో కొద్దిపాటి, అంటే సుమారు 10 పి.ఎస్.ఐ. ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. అది లేకపోతే పెడల్ వదిలినప్పుడల్లా వీల్ సిలిండరు కప్పుల పక్కనుంచి గాలి లోపలికి రావచ్చు, ఎన్నిసార్లు గాలి తీసినా పెడల్ మళ్లీ మెత్తబడుతుంది. డిస్కు బ్రేకుల బండి నుంచి తీసిన మాస్టర్ సిలిండరును డ్రమ్ములకు తగిలించినచోట ఈ బాధ నేను పలుమార్లు చూశాను.

మెరుగుపరచడం అంటే ముందు రెండు సర్క్యూట్లు. మీ లారీలో ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అమెరికాలో ప్రయాణికుల కార్లకు 1968 నుంచి రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేసింది ఈ కారణానికే. ముందు చక్రాలు ఒక గది మీద, వెనక చక్రాలు మరొక గది మీద ఉంటే ఒకటి పోయినా మరొకటి ఆపుతుంది. కాని దీన్ని షాపులో దొరికిన సిలిండరు తెచ్చి బిగించే పనిగా చూడవద్దు. మీ బూస్టరు ఒకే లైనుకు చేసింది కాబట్టి, రెండు లైన్లకు రెండు బూస్టర్లు పెట్టాలి, లేదా పెడల్ దగ్గరే బూస్టరు ఉండే ఏర్పాటుకు మారాలి. సిలిండరు లోపలి వ్యాసం కూడా లెక్క వేయాలి. 1 అంగుళం బదులు 1 1/8 అంగుళాలది పెడితే అదే నొక్కుకు ఆయిల్ 27 శాతం ఎక్కువ కదులుతుంది, పెడల్ పైకి వస్తుంది, కాని అదే కాలి బలానికి ఒత్తిడి 21 శాతం తగ్గుతుంది. పెడల్ గట్టిగా ఉందని సంతోషించి, బండి ఆగడం లేదని తరువాత బాధపడేది ఇక్కడే.

తరువాతి మెరుగుదల లైనరు ఎంపిక. మంచి లైనరు అంచు మీద రెండు అక్షరాల గుర్తు ఉంటుంది, మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి. ఇ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. ఎఫ్.ఎఫ్. గుర్తు ఉన్నది వేడిలోనూ అదే స్థాయిలో నిలుస్తుంది, ఎఫ్.ఇ. ఉన్నది వేడెక్కాక ఒక మెట్టు దిగుతుంది. ఘాట్ బండికి ఎఫ్.ఎఫ్. గుర్తుదే. ఇంతకంటే ఎక్కువ రాపిడి ఉన్నది వేస్తే ముందు నేను చెప్పిన లీడింగ్ షూ గుణం వల్ల చక్రం కరుచుకుపోయే ప్రమాదం ఉంది. డీజిల్ ఇంజను అయితే ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని అడ్డుకుని ఇంజనుతోనే వేగం తగ్గించేది) కూడా ఆలోచించదగినదే. టైర్లు అసలు కొలత కంటే పెద్దవి వేస్తే బ్రేకుల బలం ఆ మేరకు తగ్గినట్టేనని మరచిపోకండి.

డిస్కుల మాట. అమెరికన్ పాత పికప్‌లకు సిద్ధంగా కిట్లు దొరుకుతాయి, వాటికి నేను అడ్డు చెప్పను. మీ యాక్సిల్‌కు మాత్రం బ్రాకెట్లు ఎవరో వెల్డింగు చేయాలి, చక్రం రిమ్ము సరిపోవాలి, మాస్టర్ సిలిండరు, వాల్వులు, ముందు వెనకల పట్టు నిష్పత్తి అన్నీ మళ్లీ లెక్కించాలి. స్టీరింగు నకిల్ (ముందు చక్రాన్ని మోస్తూ పక్కకు తిప్పే భాగం) మీద తెలియనివారి వెల్డింగును నేను ఒప్పుకోను. పైగా తయారీదారు ఇచ్చిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది, ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగకుండా మొదలుపెట్టవద్దు.

పని అయ్యాక ముందు మాస్టర్ సిలిండరు దగ్గర, తరువాత బూస్టరు దగ్గర, ఆ తరువాత అన్నిటికంటే దూరపు చక్రం నుంచి దగ్గరి చక్రానికి వస్తూ గాలి తీయించండి. కొత్త లైనర్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి మధ్యస్థంగా నొక్కుతూ, ప్రతిసారీ చల్లారే వ్యవధి ఇస్తూ ఇరవై ముప్పై సార్లు వేగం తగ్గించాలి. ఆపిన వెంటనే ఒక్కొక్క డ్రమ్ముకు దగ్గరగా చేయి పెట్టి వేడి పోల్చండి, ముట్టుకోకండి. ఒకే యాక్సిల్ మీద ఒకటి మిగతాదానికంటే బాగా వేడిగా లేదా చల్లగా ఉంటే ఆ చక్రాన్ని మళ్లీ విప్పాలి. 500 కి.మీ. తరువాత ఒకసారి అడ్జస్టర్లు మళ్లీ సర్దించండి, అరుగుదల మొదట్లోనే ఎక్కువ ఉంటుంది. ముందు చక్రాల బ్యాక్ ప్లేటు (షూలు, సిలిండర్లు బిగించి ఉండే పళ్లెం) మీద వీల్ సిలిండర్లు ఒకటా, రెండా అన్నది, డ్రమ్ముల లోపలి వ్యాసం, ప్రస్తుత మాస్టర్ సిలిండరు వ్యాసం తెలియజేస్తే రెండు సర్క్యూట్లకు ఏ కొలత సిలిండరు సరిపోతుందో లెక్క వేసి చెబుతాను.